రెండు నదుల నడుమ కందనవోలు

హైదరాబాదు నుండి దక్షిణముగా వచ్చే రహదారిలో అలంపురము చౌరస్తా దాటిన కొంతసేపటికి తుంగభద్ర ఎదురవుతుంది. మేము నలుగురు మిత్రులము కర్నూలుకు వచ్చినది ఒక వేసవి ఉదయమున. వంతెన మీది నుండి చూస్తే నది నిండుగా లేదు. నల్లని బండల నడుమ అక్కడక్కడ నీరు నిలిచి ఉన్నది. ఒక మడుగులో ఎనుములు పడుకొని ఉన్నవి. ఒడ్డున రాళ్ళ మీద ఉతికిన బట్టలు ఆరుతున్నవి. ఈ ఏరు ఒకనాడు నగరమును ముంచినదంటే ఆ క్షణమున మాకు నమ్మబుద్ధి కాలేదు. సాయంకాలమునకు నమ్మినాము. ఆ సంగతి చివర చెప్పుతాము.

కర్నూలుకు వచ్చేవారిలో చాలమంది కర్నూలును చూచుటకు రారు. ఇక్కడ దిగి మంత్రాలయమునకో, శ్రీశైలమునకో, యాగంటికో, అహోబిలమునకో బస్సు మారుతారు. ఊరు వారికి మజిలీ మాత్రమే. మేమును అటువంటి ప్రయాణములు లోగడ రెండు మూడు చేసినవారమే. ఈసారి మాత్రము ఎక్కడికీ పోక ఈ ఊరినే చూడవలెనని నిశ్చయించుకొన్నాము. చూచిన తరువాత తెలిసినది, ఈ ఊరు తన కథను చెప్పుకొనేటప్పుడు కూడ తనను మజిలీగానే చెప్పుకొంటుందని.

ఊరి పాత పేరు కందనవోలు. వోలు అంటే ప్రోలు, అనగా ఊరు. నదికి ఆవలి గట్టున అలంపురములో ఆలయములు కట్టే రోజులలో రాళ్ళు మోసే బండ్లు ఏరు దాటే ముందు ఈ గట్టున ఆగేవట. ఇక్కడి గానుగలవారు ఇచ్చిన చమురుతో బండివారు ఇరుసులకు కందెన వేసికొని, ఎద్దులకు నీరు పెట్టి, రేవులో దిగేవారట. ఆ కందెన వేసిన చోటు కందెనవోలైనదని జనశ్రుతి. చరిత్రకారునికి ఇది రుజువు కాదు. ఆనాటి బండ్ల పద్దులు ఎవరి వద్దను లేవు. అయినను ఒక ఊరి ప్రజలు తమ పుట్టుకను గురించి చెప్పుకొనే కథలో రాజులేడు, దేవుడు ప్రత్యక్షము కాలేదు, నిధి దొరకలేదు. ఒకరి బండికి మరొకరు చమురు వేసినారు. ఇంత నిరాడంబరమైన కథను తరతరములుగా దాచుకొన్న ఊరు దానికి తగిన స్వభావము కలదై ఉండవలెనని మాకు తోచినది.

ఆ అలంపురమును మేము మరునాడు చూచినాము గాని, కథ అక్కడ మొదలైనది గనుక దాని మాట ముందుగా చెప్పుట న్యాయము. అక్కడి నవబ్రహ్మాలయములు 7, 8 శతాబ్దములలో బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరు బ్రహ్మలదే గాని అన్నియు శివాలయములే. ఉత్తర దేశపు పద్ధతిలో వంపు తిరిగిన శిఖరములను తుంగభద్ర ఒడ్డున చూచుట ఒక వింత. ఆ ఆలయముల దాపుననే షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు మునిగే చోట ఉండిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపురములో తిరిగి కట్టినారు. అదే కారణమున రూపాల సంగమేశ్వరుడు కర్నూలు ప్రక్కన జగన్నాథగట్టు మీదికి తరలి వచ్చినాడు. 2014 నుండి ఆ గట్టు తెలంగాణము, ఈ గట్టు ఆంధ్రప్రదేశము. ఏరు మాత్రము రెండింటికిని ఒక్కటే.

ఇక ఊరిలోనికి పోదాము. నడిబొడ్డున నిలిచిన కొండారెడ్డి బురుజును సినిమాలలో చూడనివారు తెలుగునాట తక్కువ. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలు 16వ శతాబ్దమున కట్టించిన కోటలో ఇది మిగిలిన భాగము. కోట గోడలు పోయినవి, కందకములు పూడినవి, వాటి మీద బజారులు లేచినవి. అలంపురమును ఏలిన కొండారెడ్డి అనే దొరను నవాబులు ఇందులో బంధించినారనియు, అతడు బురుజు క్రింది సొరంగమున నది అడుగుగా తప్పించుకొని పోయినాడనియు ఊరివారు చెప్పుతారు. సొరంగము మాట ఎట్లున్నను, కోటను కట్టించిన చక్రవర్తి పేరు దానికి నిలువలేదు. దానిలో ఖైదీగా ఉన్నవాని పేరు నిలిచినది.

బురుజు దిగి పాత బస్తీ వైపు నడిస్తే పేటల పేర్లే చరిత్ర చెప్పుతవి. బుధవారపేట అచ్చ తెలుగు సంత పేరు. ఖడక్‌పుర, రోజా, జోహరాపురము నవాబుల కాలపు వాసన గలవి. తుంగభద్రకు పుష్కరములు వచ్చినప్పుడు, కడపటి సారి 2020లో, జనులు స్నానమాడిన రేవులలో ముఖ్యమైనది సంకల్‌బాగ్. బాగ్ అంటే పారసీలో తోట. నదికి పసుపు కుంకుమలు సమర్పించి, పితృదేవతలను తలచుకొనే చోటికి పారసీ పేరేమిటని అక్కడ ఎవరును అడుగరు. మేము అడిగితే రేవులో ఉన్న పెద్దావిడ మమ్ములను వింతగా చూచినది. "దాని పేరు అదే కదా నాయనా" అన్నది.

ఊరికి మరొక వైపున ప్రవహించేది హంద్రి. ఈ చిన్న యేరు కర్నూలు వద్దనే తుంగభద్రలో కలుస్తుంది. పాత ఊరు ఈ రెండింటి నడుమ నాలుకవలె చొచ్చుకొని ఉన్నది. హంద్రి గట్టున గుమ్మటములతో, కమానుల వసారాలతో ఒక పెద్ద గోరీ కనబడుతుంది. జనులు దానిని గోల్ గుమ్మజ్ అంటారు. 17వ శతాబ్దపు తొలి భాగమున బిజాపురము సుల్తానుల పక్షమున కర్నూలును ఏలిన అబ్దుల్ వహబ్ ఖాను సమాధి అది. ఆయన సిద్దీ, అనగా పూర్వికులు ఆఫ్రికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినవారు. ఇదే జిల్లాలో ఆదవానిని ఏలిన సిద్దీ మసూద్ ఖాను కూడ ఆ జాతివాడే. ఆదవాని జామియా మసీదును కట్టించినది ఆయనే. నది ఎగువన మంచాల గ్రామమును రాఘవేంద్రస్వామికి ఇచ్చినది ఆయనేనని మఠ సంప్రదాయము. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. ఆఫ్రికా సంతతివాడైన ఒక ముసల్మాను అధికారి, తమిళదేశమునుండి వచ్చిన ఒక మాధ్వ యతి, కన్నడము తెలుగు కలసిన ఒక నదీతీరము. బహు సంస్కృతుల సంగమమని నేడు గొప్పగా చెప్పే మాటకు 17వ శతాబ్దపు రాయలసీమలో ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు తోచదు.

అయితే ఈ కలయిక కత్తి లేకుండ జరిగినదని చెప్పితే అబద్ధమవుతుంది. కోటలు కూలినవి, ఆరాధనా స్థలములు చేతులు మారినవి. బిజాపురము తరువాత మొగలులు వచ్చినారు. వారి కొలువులోని పన్నీ వంశపు పఠానులు కర్నూలు నవాబులైనారు. వారి కాలమున ఊరికి ఖమర్‌నగర్ అనే పేరు కూడ ఉండేది. చంద్రనగరమని దాని అర్థము. ఈ నవాబుల చేతులు కర్నూలుతో ఆగలేదు. 1750 డిసెంబరులో నిజాము నాసర్ జంగును చెంజి వద్ద కాల్చి చంపినవాడు కర్నూలు నవాబు హిమ్మత్ ఖానే. మరుసటి సంవత్సరమే రాయచోటి ప్రాంతపు పోరులో ఆయనయు, కొత్త నిజాము ముజఫర్ జంగును మరణించినారు. పిమ్మట ఫ్రెంచి సేనాని బుస్సీ కర్నూలు కోటను పట్టుకొన్నాడు. ఒక్క సంవత్సరములో పఠానులు, మొగలాయి సర్దారులు, ఫ్రెంచివారు ఈ రెండు యేళ్ళ నడుమ తలపడినారు.

1800లో సీడెడ్ జిల్లాలు ఇంగ్లీషు కంపెనీ వశమైన తరువాత నవాబు కంపెనీకి కప్పము చెల్లించే సామంతుడైనాడు. 1830లో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలమునకు పోయినది ఈ నవాబు సీమ గుండానే. మల్లికార్జునుని దర్శనమునకు వచ్చే యాత్రికుల వద్ద నవాబు పక్షమున సుంకము తీసికొనే సంగతి ఆయన తన కాశీయాత్ర చరిత్రలో వ్రాసినాడు. శివుని యాత్ర నవాబు ఖజానాను నింపినదన్న మాట. యాత్రికునికి అది భారమే. కాని ఆ సుంకము ఉన్నంతకాలము యాత్ర సాగవలెనని నవాబు కూడ కోరుకొని ఉండును.

కడపటి నవాబు గులాం రసూల్ ఖాను. ఆయన ఫిరంగులను, మందుగుండును రహస్యముగా కూడబెట్టుచున్నాడనియు, హైదరాబాదులో నిజాము సోదరుడు ముబారిజుద్దౌలా నడపిన కుట్రతో ఆయనకు సంబంధమున్నదనియు కంపెనీవారు అనుమానించినారు. 1839 అక్టోబరు 18వ తేదీన జోహరాపురము వద్ద నవాబు పక్షపు అరబ్బు, రోహిల్లా సిపాయిలు కంపెనీ సేనలతో పోరాడి ఓడినారు. నవాబును తిరుచిరాపల్లికి పంపినారు. 1840లో ఆయన అక్కడ హత్యకు గురియైనాడు. రాజ్యము కంపెనీదైనది. 1858లో చుట్టుప్రక్కల తాలూకాలను చేర్చి కర్నూలును పూర్తి జిల్లాగా చేసినారు. నేడు జోహరాపురము ఇండ్లతో, అంగళ్ళతో నిండిన ఒక పేట. అక్కడ ఒక యుద్ధము జరిగినదని చెప్పే గుర్తు ఏదియు మాకు కనబడలేదు.

రాజ్యములు పోయినను, అవి తెచ్చిన మనుష్యులు పోలేదు. నవాబుల సిపాయిల సంతతి, గానుగలవారి సంతతి, ఆదవాని దిక్కు నుండి వచ్చిన కన్నడిగులు, రాయలనాటి కాపులు, కోమట్లు, తరువాత వచ్చిన క్రైస్తవ మిషనులు తీర్చిదిద్దిన కుటుంబములు, అందరును ఈ ఇరుకు సందులలోనే మిగిలినారు. అమెరికను బాప్టిస్టు మిషనువారి కోల్స్ పాఠశాల ఈ ఊరి పిల్లలను తరములుగా చదివించినది. 1947లో డాక్టరు అబ్దుల్ హఖ్ స్థాపించిన ఉస్మానియా కళాశాలలో అన్ని మతముల విద్యార్థులును చదివినారు. మనము కచేరి, తాలూకా, తహసీలుదారు, వకీలు, జమాబందీ అని అలవోకగా అనే మాటలన్నియు ఇటువంటి ఊళ్ళ దివాణములలో తెలుగైనవే. రాయలసీమ పల్లెలలో పీర్ల పండుగ వస్తే పీరును ఎత్తేవాడు హిందువైనను ఎవరును ఆశ్చర్యపడరు.

ఇప్పుడు మన తరమువారికి ఎక్కువ తెలియవలసిన కథ. తెలుగువారి రాజధానిని గురించి కోస్తా, సీమ నాయకులు 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులోని శ్రీబాగ్ అనే ఇంట ఒడంబడిక చేసికొన్నారు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణము తరువాత, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. దానికి రాజధాని కర్నూలు. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. ప్రారంభోత్సవమునకు ప్రధానమంత్రి నెహ్రూ వచ్చినారు. ఒక జిల్లా పట్టణములో రాష్ట్ర ప్రభుత్వమునకు సరిపడే భవనములు ఎక్కడివి? గుడారములు వేసి కార్యాలయములు నడపినారు. ఉద్యోగుల కొరకు వేసిన కాలనీలకు ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని పేర్లు వచ్చినవి. ఆ పేర్లు నేటికిని నిలిచినవి. సి క్యాంపులో కూరగాయలు కొనే గృహిణికి ఆ క్యాంపు ఒక రాష్ట్రపు గుడారమని తలచుకొనవలసిన పని లేదు గాని, అది నిజము.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు తరలిపోయినది. అంతా మూడు సంవత్సరముల ఒక నెల. ఒక కొత్త రాష్ట్రపు బండి ఏరు దాటే ముందు ఈ గట్టున ఆగి, ఇరుసుకు కందెన వేయించుకొని, ముందుకు సాగిపోయినది. పాత కథయే మరల జరిగినది. ఈ మాటలో కర్నూలువారి బాధ ఉన్నది. దానిని మేము తక్కువ చేయము. సీమలో ఎవరితో రెండు గంటలు మాట్లాడినను ఆ మాట రాక మానదు.

ఈ ఊరు ఇచ్చిన మరొక కందెన నీరు. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, తుంగభద్ర నీటిని కడప దాక తీసికొని పోయే కాలువను 1863లో మద్రాసు ఇరిగేషను అండ్ కెనాల్ కంపెనీవారు ప్రారంభించినారు. పడవలు నడపుట, పైరు తడుపుట రెండును దాని ఉద్దేశములు. 1871 నాటికి కాలువ సాగినది గాని కంపెనీకి లాభము రాలేదు. నల్లరేగడిలో వానకారు పైర్లకు అలవాటుపడిన రైతు డబ్బిచ్చి నీరు తీసికొనుటకు తొందరపడలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనివేసినది. పడవలు పోయినవి, పైరు నిలిచినది. కర్నూలు బియ్యమని నేడు సంచుల మీద అచ్చు వేసికొనే పేరు వెనుక ఈ కాలువ ఉన్నది.

ఆ కాలువ వెంబడియే మనస్సు కడపకు పోతుంది. కర్నూలు స్వభావము అక్కడ మరొక రూపమున కనబడుతుంది. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముసల్మానులు కుటుంబములతో వచ్చి, టెంకాయలు కొట్టి మొక్కుకొంటారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచనియు, స్వామి తమ అల్లుడనియు వారి నమ్మకము. అదే ఊరిలో పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు గుంపులుగా పోతారు. అక్కడనే దొరతనము చేయుటకు వచ్చిన బ్రౌను పండితులను చేరదీసి తెలుగు గ్రంథములకు ప్రాణము పోసినాడు. ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయము నడుస్తున్నది. వాన తక్కువైన నేలమీద మనుష్యులు ఒకరినొకరు విడిచి బ్రదుకలేరేమో అని మాకు అనిపిస్తుంది.

సాయంకాలమునకు పాత బస్తీలో ఒక టీ అంగడి వద్ద కూర్చున్నాము. అంగడి యజమాని డెబ్బదియేండ్ల ముసల్మాను పెద్దమనిషి. "యాడ నుంచి వచ్చినారు సామీ?" అని పలకరించినాడు. నదిని గురించి అడిగితే లేచి గోడ వద్దకు పోయి, తన తలకు పైగా చేయి చాచి ఒక గీతను చూపినాడు. సున్నము వేసినను ఆ గీతను చెరుపక వదలినాడు. 2009 అక్టోబరు తొలి దినములలో వచ్చిన నీటి గుర్తు అది. ఎగువ వానలకు తుంగభద్ర పొంగినది. అదే సమయమున హంద్రియు పొంగినది. దిగువన శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు చేరి, నిండిన జలము వెనుకకు ఎగదన్నినది. రెండు యేళ్ళ నడుమ ఉన్న పాత ఊరు మునిగినది.

"ఆ పొద్దు ఏం చేసినారు?" అని అడిగినాము.

"ఏం చేస్తాం సామీ. ఎవరి మిద్దె ఎత్తుగా ఉంటే ఆ మిద్దె ఎక్కినాము. అది ఎవరిదని యాడ అడుగుతాం? మా ఇంట్లో వాళ్ళు రెండు రాత్రులు శెట్టిగారి మిద్దె మీదనే ఉండ్రి. శెట్టిగారి తల్లికి నడవ చేతకాదు. మా పిల్లోడు ఆమెను వీపున మోసుకొని ఎక్కించినాడు." ఇంతే చెప్పి ఆయన గ్లాసులు కడుగుటకు పోయినాడు. దీనిని ఒక గొప్పగా చెప్పవలెనని ఆయనకు తోచలేదు. అది చెప్పుకోదగిన సంగతి అని మాకే తోచినది.

చరిత్ర పుస్తకములలో ఈ ఊరు చక్రవర్తుల కోట, నవాబుల కొలువు, కంపెనీ జిల్లా, మూడేండ్ల రాజధాని. ఇవన్నియు నిజములే. వీనిలో ప్రతియొకటి వచ్చి పోయినది. పోనిది ఒకటున్నది. వచ్చినవారిని ఎవరని అడుగక ఎక్కించుకొనే ఆ మిద్దె. దానికి శాసనము లేదు, సమాధి లేదు, ప్రారంభోత్సవము లేదు. నీరు వచ్చిన గోడ మీద ఒక గీత మాత్రము ఉన్నది. కాలము అటువంటి అలవాట్లను చెరుపుటకు ఎన్నో ప్రయత్నములు చేస్తుంది. వానిని గోడమీది గీతవలె చెరుగనీయక కాపాడుకొనుట అక్కడివారి పనియేగాక, మన అందరి పని కూడ.

మరునాటి సాయంకాలము అలంపురమునుండి మరల చౌరస్తాకు వచ్చి, హైదరాబాదు బస్సు ఎక్కినాము. నది కనబడుట లేదు గాని దాని దిక్కు మాకు తెలిసినది. మీలో ఎవరైన శ్రీశైలమునకో మంత్రాలయమునకో పోతూ కర్నూలులో బస్సు మారవలసి వస్తే, ఒక పూట ఆగి చూడండి. బురుజు ఎక్కండి, హంద్రి గట్టున గుమ్మటము నీడలో కాసేపు కూర్చోండి. బండి సాగిపోతున్నప్పుడు ఇరుసులోని కందెనను ఎవరును తలచుకొనరు. ఆగినప్పుడైనను తలచుకొనుట మంచిది.